గొంతు సవరణలో చెప్పిన మాట

ఆఫీసులో అందరూ ఆమెను చెవులమ్మ అనేవారు. పొద్దున్నే వచ్చి హెడ్‌ఫోన్లు తగిలించుకుందంటే మళ్లీ భోజనం వేళకే తీసేది. పేరు పెట్టి పిలిస్తే పలకదు, భుజం తట్టాలి. అలవాటు ఇంటిదాకా పాకి, అక్క కూర తరుగుతూ ఏదైనా చెబుతుంటే "ఆ వాక్యం ఇంకోసారి అను" అనేది. అక్క నవ్వి, ఇంకోసారి అనేది.

చేసే పని పైకి చిన్నదే. అదొక భాషా పరిశోధన కేంద్రం. రకరకాల మనుషులను పిలిచి, గోడలకు స్పాంజి అతికించిన గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. రికార్డయిన మాటలను చెవులమ్మ వాక్యం వాక్యంగా కోసి, విన్నది విన్నట్టు టైపు చేసి, పేర్లు వచ్చినచోట బీప్ కూత పెట్టి చెరిపేసి, పక్కన కోపమా, సంతోషమా, బెంగా అని గుర్తు పెడుతుంది. అదంతా డేటాబేస్‌లో చేరుతుంది. ఇక ఏ మాట కొట్టినా, దాన్ని ఎంతమంది ఎన్ని రకాలుగా పలికారో వరసగా వినిపిస్తుంది. పరిశోధకులు దాంతో వ్యాసాలు రాసుకుంటారు. కంపెనీలు ఫోన్లకు మనిషి మాట నేర్పుకుంటాయి. ఇంతకుముందు ఆమె జిరాక్స్ కొట్లో ఊళ్లోవాళ్ల అర్జీలు టైపు చేసేది. ఇక్కడికొచ్చాక తన చెవులకూ ఒక విలువ ఉందని తెలిసి కాస్త గర్వపడింది. పడితే తప్పేముంది!

మైకు చూడగానే మనుషులు బిగుసుకుపోతారు. అమ్మలక్కలతో నోరు నొప్పెట్టేలా కబుర్లాడే మనిషి కూడా అక్కడ కూర్చోగానే వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. అందుకని అసలు వాక్యాలు చదివించేముందు కాసేపు ఏదైనా సొంత కథ చెప్పిస్తారు. బాగా భయపడ్డ రోజో, కడుపుబ్బ నవ్విన రోజో. దాన్ని ఆఫీసులో గొంతు సవరణ అంటారు. అది దాచుకోవడానికి కాదు, తీసేస్తాం, మీరేం మొహమాటపడకండి అని ముందే చెప్పాలి. చెప్పేది చెవులమ్మే. ఆమె మొహం చూస్తే ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది. కేంద్రం నడిపే పెద్దసారు ఆ పని ఆమెకే ఎందుకు అప్పగించాడో ఆ అమాయకురాలికి తట్టలేదు.

నడివయసు ఆడవాళ్ల గొంతులు తక్కువపడ్డాయి, మీ ఎరుకలో ఎవరైనా ఉంటే తీసుకురండి అన్నాడు పెద్దసారు ఒకరోజు. ఆమెకు అక్క గుర్తొచ్చింది. అక్క తమ ఇంటి ముందుగదిలోనే బట్టలు కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడి మాట్లాడి, మాట తొణక్కుండా రావడం అలవాటైన మనిషి.

"నా గొంతు ఎవరిక్కావాలే బుజ్జీ?" అంది అక్క.

"అందరికీ కావాలక్కా. రేపు ఫోన్లన్నీ నీలాగే మాట్లాడతాయి."

"అయితే వాటినే కొలతలు కూడా తీసుకోమను."

అక్కను మైకు ముందు కూర్చోబెట్టి, అందరినీ అడిగినట్టే అడిగింది చెవులమ్మ. "బాగా భయపడ్డ రోజు ఏదైనా చెప్పక్కా." స్నానాల గదిలో తేలు కథ చెబుతుందనుకుంది. అది ఇంట్లో అందరూ నవ్వుకునే కథ.

అక్క ఆ కథ చెప్పలేదు. మొగుడితో పడలేక బ్యాగు పట్టుకుని పుట్టింటికొచ్చిన మధ్యాహ్నం గురించి చెప్పింది.

ఆ మధ్యాహ్నం సంగతి చెవులమ్మకు తెలుసు, తెలుసనే అనుకుంది. సాయంత్రం తను జిరాక్స్ కొట్టు నుంచి వచ్చేసరికి అక్క గడప ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. వీధంతా కిటికీల్లోంచి తొంగిచూస్తోంది. తను కేకేస్తే అమ్మ కళ్లు నులుముకుంటూ వచ్చి తలుపు తీసి, తలనొప్పికి మాత్ర వేసుకుంటే మత్తుగా నిద్ర పట్టేసిందే అంది. ఆ రోజు నుంచి ఎవరు కదిపినా అక్క కూడా అదే మాట చెప్పేది. అమ్మ మాత్ర వేసుకుని నిద్రపోయింది.

"అమ్మ నిద్రపోలేదే," అంది అక్క మైకు ముందు, అంచు మడిచి కుట్టేటప్పుడు మాట్లాడినంత నెమ్మదిగా. "తలుపు కింద సందులోంచి అమ్మ పాదాలు కనిపించాయి. నేను కొడుతూనే ఉన్నాను. అవి అక్కడే ఉన్నాయి. తలుపు తీయకపోతే ఆ మొగుడి దగ్గరికే తిరిగి వెళ్తాననుకుందేమో."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?"

"చెబితే అమ్మ నా మొహం చూడగలదా? ముగ్గురం ఒకే ఇంట్లో బతకాలి. నేను చూశానని ఆవిడకు తెలియకూడదు." మైకు వైపు అనుమానంగా చూసింది. "ఇది తీసేస్తావు కదూ?"

"తీసేస్తానక్కా. నీ మీదొట్టు."

తీసేసింది కూడా. తీసేసే ముక్కనైనా ముందు కోసి, టైపు చేసి, గుర్తు పెట్టాలన్నది అక్కడి పద్ధతి, ఏం తీశారో సారు చూసుకోవాలని. అక్క మాటలను వాక్యం వాక్యంగా కోసి రాసింది. బెంగ అని గుర్తు పెట్టింది. తర్వాత 'తొలగించు' నొక్కింది. నమ్మకం కుదరక 'పాదాలు' అని కొట్టి వెతికింది. తెర మీద ఏమీ రాలేదు. ఆ రోజు ఇంటికెళ్లి అమ్మకు రోజూకన్నా ఎక్కువసేపు కాళ్లు పట్టింది. అమ్మ ఏమిటే ఈ వింత అంది.

డేటాబేస్‌ను లోకానికి చూపించే రోజొచ్చింది. గొంతులిచ్చిన వాళ్లందరినీ కుటుంబాలతో సహా పిలిచారు. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, ఇద్దరు కూతుళ్లనూ చెరోపక్కన పెట్టుకుని ముందువరసలో కూర్చుంది. కూతుళ్లు వద్దన్నా వినకుండా పక్కావిడకు చెప్పింది, చిన్నది ఇక్కడ పనిచేస్తుంది, పెద్దదాని గొంతు అందులో ఉంది అని.

పెద్దసారు వేదిక ఎక్కి తన శ్రమను తనే పొగుడుకుని, ఆఖరికి సభ వైపు తిరిగాడు. "మీరే ఒక మాట చెప్పండి. ఏదైనా సరే."

"అమ్మ అని కొట్టు నాయనా," అంది అమ్మ అందరికన్నా ముందు. సభంతా నవ్వింది.

ఒక ముసలాయన గొంతు వచ్చింది. "మా అమ్మకు లెక్కలు రావు గాని, మమ్మల్ని మాత్రం లెక్కపెట్టి పడుకోబెట్టేది." మళ్లీ నవ్వులు. ఒక చిన్నపిల్ల గొంతు. "అమ్మ కొడుతుందని బల్ల కింద దూరాను." అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

తెర మీద ఇంతింత అక్షరాలు పడ్డాయి. స్త్రీ. నడివయసు. భావం: బెంగ.

"అమ్మ నిద్రపోలేదే. తలుపు కింద సందులోంచి అమ్మ పాదాలు కనిపించాయి."

వెనకవరసలో ఎవరో "మన టైలరమ్మ గొంతులా లేదూ?" అన్నారు. అమ్మ మొహం మీది నవ్వు పోలేదు, ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది. అక్క అమ్మ వైపు చూడలేదు. చెల్లెలి వైపే చూసింది. ఆ చూపులో తిట్టు ఉన్నా బాగుండేది. ఎవరీ మనిషి అన్నట్టు చూసి, అమ్మ చెయ్యి పట్టుకుని లేపి, బయటకు నడిపించుకుపోయింది.

సభ ముగిశాక సారు గదిలోకి వెళ్లింది చెవులమ్మ. "అది నేను తీసేశాను సార్."

"మన దగ్గర తీసేయడమంటే కనపడకుండా పెట్టడమేనమ్మా. ఏదీ పారేయం. వాక్యాల లెక్క తక్కువొస్తే మొన్న దాచినవన్నీ బయటికి తీయించాను." ఆయన తీరిగ్గా కళ్లజోడు తుడుచుకున్నాడు. "నిజం చెప్పాలంటే గొంతు సవరణలే మనకు అసలు పంట. అప్పజెప్పినట్టు చదివే వాక్యాలు ఎవరిక్కావాలి?"

"మరి తీసేస్తామని అందరికీ నాచేత చెప్పించారు!"

"అలా చెప్పకపోతే నోరు విప్పరు కదా."

అంత సులువుగా అనేశాడు ఆ పెద్దమనిషి. చెవులమ్మకు ఆ మైకు ముందు కూర్చున్న వాళ్లంతా కళ్లముందు మెదిలారు. తన మొహం చూసి నమ్మినవాళ్లు. నమ్మించి గొంతు కోయడం అంటారు, ఇక్కడ అది జీతానికి పెట్టిన పని. ఆ పని తనే చేసింది, శ్రద్ధగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

"పేర్లు చెరిపేశాం కదమ్మా. ఎవరో ఎవరికి తెలుస్తుంది?"

"గొంతు ఉంది కదా సార్," అంది. "మా అమ్మకు తెలీదా?"

ఇప్పుడు తీయిద్దామన్నా కుదరదట, నకళ్లు కంపెనీలకు వెళ్లిపోయాయట. చెవులమ్మ హెడ్‌ఫోన్లు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. రేపటి నుంచి రానని చెప్పాలని కూడా అనిపించలేదు.

ఇల్లు చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి. ముందుగదిలో లైటుంది గాని కుట్టుమిషను చప్పుడు లేదు. తలుపు గొళ్లెం పెట్టి ఉంది. కొట్టింది. "అక్కా," అంది. "అమ్మా, నేనే." పలుకు లేదు. ఎదురింటి కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది.

ఇంకాసేపు కొట్టి, మెట్టు మీద కూలబడింది. అప్పుడు కనిపించింది తలుపు కింది సందు. లోపలి వెలుతురులో అక్క పాదాలున్నాయి, బొటనవేలికి ఎర్రదారం ముక్క అంటుకుని ఉంది. వాటి పక్కనే, ఆనుకుని, అమ్మ పాదాలున్నాయి.

"అక్కా, నేను నిజంగా తీసేశానే," అంది సందు దగ్గరికి వంగి. "ఒక్కసారి తలుపు తియ్యి. అమ్మతో మాట్లాడాలి."

లోపలి నుంచి అక్క గొంతు వచ్చింది, ఎప్పటిలాగే తొణక్కుండా.

"అమ్మ మాత్ర వేసుకుని నిద్రపోయింది."

అమ్మ పాదాలు కదల్లేదు.