గాలిలో జోడించిన చేతులు

మా ఇంట్లో మగ్గం తీసేసి, దాని గుంటను మట్టితో పూడ్చిన వారంలోనే నాకు హిందూపురం అవతల బెంగళూరు దారిలో పని దొరికింది. అది విండ్ టనెల్. నిలువుగా కట్టిన పెద్ద అద్దాల గొట్టం, అడుగున తీగల వల, ఆ వలలోంచి పైకి తన్నే ఫ్యాన్ల గాలి. మనిషి ఆ గాలి మీద బోర్లా తేలుతాడు. వచ్చినవాళ్లకు సూట్లు తొడిగించి హెల్మెట్లు బిగించడం నా పని. కానీ అక్కడ పనిచేసేవాళ్లంతా తేలడం నేర్చుకోవాలన్నారు. నెలాఖరున పరీక్ష. వలనూ అద్దాన్నీ తాకకుండా నిలిచి, కుడికీ ఎడమకీ తిరిగి చూపినవాళ్లే ఉంటారు. మిగతావాళ్లు ఇంటికి.

ధర్మవరంలో నాయన చేతులకు వణుకు వచ్చి పోగు పట్టలేకపోతున్నాడు. పట్టగలిగినా మగ్గమే లేదు. ఈ పని కూడా పోతే ఏం చేయాలో నాకు తెలియదు.

నేర్పించే అమ్మాయిది మడకశిర దగ్గర పల్లె. మొదట నన్ను ఒక బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది.

"నడుము కిందికి నొక్కన్నా. గడ్డం పైకి. చేతులు తలకు ఆపక్క ఈపక్క వంచి పెట్టు. మోకాళ్లు కొంచెమే మడచు. ఒళ్లు విల్లు మాదిరి ఉండాల, బిగదీయొద్దు."

నా ఒళ్లు అలా వంగదు. చిన్నప్పటి నుంచి గుంటలో కూర్చుని మగ్గం మీదికి వంగిన వీపు అది. మిగిలిన వంపు భజన మందిరం నేర్పింది. నడక రాగానే మాకు నేర్పేది సాష్టాంగం. నుదురు నేలను తాకాలి, చాచిన చేతులు జోడించాలి. నుదురు తాకకపోతే అహంకారం మిగిలినట్టేనని పెద్దలు చెప్పేవారు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

గొట్టంలో హోరుకు మాట వినబడదు. అంతా చేతి సైగలే. బొటనవేలు కిందికి చూపితే నడుము నొక్కమని, వేలు పైకెత్తితే గడ్డం ఎత్తమని. తలుపు దగ్గర నుంచి గాలి మీదికి వాలగానే నాకు భయం పుట్టింది. కళ్లు మూతపడ్డాయి, తల వంగింది, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. మరుక్షణం తలకిందులై అద్దానికి కొట్టుకుని వల మీద పడ్డాను. రెండోసారీ అంతే. ఆ తర్వాతా అంతే.

"చేతులు ఎందుకు జోడిస్తాండావన్నా?" అంది ఆ అమ్మాయి బయటికొచ్చాక.

"భయమైతే దేవునికి దండం పెట్టుకోకూడదామ్మా?"

"పెట్టుకో, ఈడ పెట్టుకో. ఆడ గాలికి దండం పెడితే దీవించదు, కిందేస్తాది."

నాతో పాటు నేర్చుకునేవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె చెప్పింది నిజమే. చేతులు కలిస్తే ముందువైపు గాలికి ఆనిక ఉండదు, తల దిగిపోతుంది.

ఆ నెలంతా పెనుకొండలో అక్క ఇంట్లో ఉండి రైల్లో వెళ్లి వచ్చాను. ఆమె వంటింట్లో ఎత్తుపీట మీద పొట్ట ఆనించి సాధన చేసేవాణ్ణి.

"ఏంరా, కప్ప మాదిరి పండుకున్నావు?"

"ఈ కప్పే మనకు కూడు పెట్టాలక్కా."

అక్క నవ్వడం ఆపి, వచ్చి నా నడుము మీద చెయ్యి పెట్టి నొక్కింది. "నాయన ఫోన్ చేసినాడు. నువ్వు బాగా ఎగురుతాండావని చెప్పినా" అంది.

మా మందిరంలో శరణాగతి గురించి చెప్పేటప్పుడు కోతిపిల్ల, పిల్లిపిల్లల మాట వచ్చేది. కోతిపిల్ల తల్లిని పట్టుకుని వేలాడుతుంది. పిల్లిపిల్ల ఊరకే ఉంటుంది, తల్లే నోట కరచుకుని మోస్తుంది. పిల్లిపిల్లలా ఉండమనేవారు. తల ఊపుతూ విన్నవాణ్ణి, గాలిలో కోతిపిల్లనే అయ్యాను. పరీక్ష రోజు రైల్లో స్వామిని వేడుకున్నాను: తల వంచకుండా నిన్ను పిలవడం నాకు రాదు, ఈ ఒక్కసారికి తలెత్తి పిలుస్తాను, తప్పుగా అనుకోవద్దు.

వాలాను. గడ్డం ఎత్తాను. గాలి పొట్ట కింద పరుపులా ఆనింది. నిలిచాను! కుడికి తిరిగాను, ఎడమకు తిరిగాను. అప్పుడు గాలి పెంచారు. అద్దాలు కిందికి జారిపోతున్నట్టయి, వల ఎక్కడో అడుగున కనబడింది. స్వామీ అనుకున్నాను. అంతే, చేతులు కలిశాయి.

వల మీద పడి లేచేసరికి ఆ అమ్మాయి నా ముఖం చూడలేదు. "తిరగడం బాగుండెనన్నా" అంది.

"ఇంకొక్కసారి చూడమని అడుగమ్మా."

"అడిగినానన్నా. వద్దన్నారు."

ధర్మవరం చేరిన మూడో రోజు శనివారం భజన. హారతి అయ్యాక అందరూ సాష్టాంగపడ్డారు. నేనూ నాయన పక్కన పడ్డాను. నుదురు నేలకు ఆనలేదు. గడ్డం పైకి లేచింది, చేతులు అటొకటి ఇటొకటి పరుచుకున్నాయి. గాలిలో అవసరమైనప్పుడు రానిది ఇక్కడ, బండల మీద, అడగకుండా వచ్చింది. స్వామి ముఖం సూటిగా కనబడుతోంది.

"ఏమప్పా, తల దించు. అందరూ చూస్తాండారు" అన్నాడు నాయన మెల్లగా. నేను దించలేదు. "దేవునికి మొక్కేదానికి వచ్చినావా, అడిగేదానికి వచ్చినావా?"

"అడిగేదానికే నాయనా" అన్నాను.