ఆయిల్ ఇంజన్ మీద నడిచిన మా బడి నాటకం

పెనుబల్లి అవతల, అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ ఊరికి అప్పటికింకా కరెంటు రాలేదు. ఏడో తరగతి దాకా ఉన్న బడిలో నేనొక్కదాన్నే ఆడ టీచర్ని. వార్షికోత్సవానికి ఆడపిల్లల చేత నాటకం వేయిస్తానంటే హెడ్మాస్టరు పెట్రోమాక్సులు చాలన్నారు. కిందటేడు వాటి చుట్టూ పురుగులు ముసిరి, వెనక కూర్చున్నవాళ్లు ఏమీ కనబడక, వినబడక లేచిపోయారు. ఈసారి బల్బులూ మైకూ ఉండాల్సిందేనని మొండికేశాను.

నా పట్టుదలంతా ఒక పిల్ల కోసం. రాజు వేషం దానిదే. ఏడో తరగతి కాగానే చదువు మాన్పిస్తానని దాని తండ్రి తేల్చేశాడు. "నోట్లో నాలుక లేని పిల్ల. దానికి పై చదువెందుకు టీచరమ్మా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అది నలుగురిలో ఎలా మాట్లాడగలదో ఆయన చెవిన పడాలి, అంతే.

మైకుసెట్టు అతను డైనమో తెస్తానన్నాడు గానీ దాన్ని తిప్పే ఇంజన్ అతని దగ్గర లేదు. ఊళ్లో మంచి ఆయిల్ ఇంజన్ ఆ పిల్ల తండ్రి బావి మీదే ఉంది. నాలుగుసార్లు తిరిగాను. ఐదోసారి నన్ను చూడగానే విసుక్కున్నాడు.

"తీస్కపోదాం పాండి. తెల్లారేసరికి మళ్ల నా బావి మీద ఉండాలె. మిర్చికి తడి పెట్టాలె."

బండి మీద తనే తెచ్చి బడి వెనక బిగించాడు. మైకతను బెల్టు తగిలించాడు. పొద్దుగూకగానే బల్బులు వెలిగాయి. జనం ఈలలు వేశారు.

మొదటి రంగం అయిందో లేదో ఇంజన్ నుంచి ఆవిర్లు. ఆయన గబుక్కున ఆపేశాడు. అంతా చీకటి.

"వేడికి ఇంజన్ బిగుసుకపోతే నా తోట ఎండిపోతది. ఇగ నడపను."

కోపం ముంచుకొచ్చింది, కానీ ఆయన తప్పేముంది? పొలంలో ఇంజన్ తోడే నీళ్లలోనే కొన్ని దానిలోకి పోయి చల్లబరుస్తాయి. ఇక్కడ విడిగా నీళ్లు పెట్టాలని ఆయనకు గానీ మైకతనికి గానీ నాకు గానీ తట్టలేదు.

"డ్రమ్ము పెడదాం. మళ్లీ ఆవిరి కనబడితే నేనే ఆపమంటాను" అన్నాను.

"నీళ్లు ఇప్పుడే పొయ్యొద్దు. వేడి మీద పగులుతది. సల్లారనియ్యండి" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

వేదిక ఎక్కి, ఇంటికో బిందె నీళ్లు తెమ్మని గొంతు చించుకున్నాను. ఆడవాళ్లు లేచారు. రెండు బెంచీల మీద డ్రమ్ము ఎక్కించి గొట్టం కలిపాం. అరగంట ఆగినా గూడేల నుంచి వచ్చినవాళ్లు కూడా కదల్లేదు.

మళ్లీ బల్బులు వెలిగాయి. నేను డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. ఆయన వేడినీళ్లు బయటికొచ్చే చోట చెయ్యి పెట్టి చూస్తూ కూర్చున్నాడు. మాకు వేదిక కనబడదు. రెండు నెలలు నేర్పిన నాటకం నేను చూడలేకపోతున్నానని కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు మైకులో రాజు గొంతు లేచింది, మంత్రిని నిలదీస్తూ.

"గదెవరు టీచరమ్మా?"

"మీ బిడ్డే."

నమ్మలేదు. తెర పక్కకు వెళ్లి చూసొచ్చాడు. మళ్లీ వేడినీళ్ల దగ్గర చెయ్యి పెట్టి కూర్చున్నాడు. డ్రమ్ములో నీళ్లు సగానికి దిగాయి. ఇంజన్ ఆపేస్తాడేమోనని నేను బిక్కుబిక్కుమంటూ చూశాను.

"బిందెలు జల్దీ అందియ్యమనండి" అన్నాడు. "అది మాట్లాడుతుంటే ఇంజన్ ఆగొద్దు."