రాజేశం సేటు దుకాణంలో చప్పుళ్లు

రాజేశం సేటు మరణవార్త నాకు ఫోన్‌లో సందేశంగా అందింది. పంపినవాడు మురళీధర్. ఏడాదిగా నేను మాట మానేసిన మురళీధరే. "సంగీతప్రియులు, మృదుభాషి, మన జాజ్ మిత్రమండలికి పెద్దదిక్కు దివంగతులయ్యారు" అని రాశాడు. పరకాల బస్టాండులో నిలబడి చదివాను. ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా ఆరలేదు కనుక ఈ వ్యాసంలో ప్రశాంతతను ఎవరూ ఆశించవద్దు.

హనుమకొండ చౌరస్తా పక్క సందులో ఆయనది బట్టల దుకాణం. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, తెల్లపరుపుల మీద మా ఐదారుగురినీ కూర్చోబెట్టేవారు. ఒక్కొక్కరూ తమకు ప్రియమైన రికార్డింగు ఒకటి తేవాలి. దాన్ని మొదట ఎక్కడ, ఏ రేడియోలో, ఎవరి పక్కన కూర్చుని విన్నారో చెప్పాకే అందరికీ వినిపించాలి. చెప్పడానికి ఏమీ లేకపోతే ఎంతటి విద్వాంసుడి వాద్యమైనా పక్కన పెట్టించేవారు. "యాడ విన్నవో యాది లేదంటే నువ్వు విననట్టే తమ్మీ," అనేవారు. బజారులో మాత్రం ఆయన్ని 'ఇంగ్లీషు బ్యాండు సేటు' అని ఎగతాళి చేసేవారు. మొన్న సంతాపసభలో ఆ పెద్దమనుషులే చిత్రపటానికి దండలు వేసి 'కళారాధకుడు' అన్నారు. నేను పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

యౌవనంలో సరుకు కొనడానికి బొంబాయి వెళ్లినప్పుడు ఒక క్లబ్బులో జాజ్ వాయిస్తున్నారని తెలిసి వెళ్లారట. ధోవతి చూసి కాపలావాడు గుమ్మంలోనే ఆపేశాడు. ఆయన చుట్టూ తిరిగి వంటగది తలుపు దగ్గరికి వెళ్లి, వంటవాణ్ణి బతిమాలి, అంట్లు తోమే చోట నిలబడి శాక్సాఫోన్ విన్నారు. ఆయన జీవితంలో విన్న ఏకైక ప్రత్యక్ష కచేరీ అదే, అదీ చూడకుండా. ఆ అవమానం తలచుకుని నేను మండిపడితే ఆయన నవ్వారు.

"కోపమెందుకు తమ్మీ? లోపటోళ్లు తినుకుంట విన్నరు. నేను నిలబడి విన్న. ఆ ప్లేట్ల చప్పుడు నడుమలకెళ్లే వచ్చింది నాకు ఆ బాజా. ప్లేట్లు తీసేస్తే అది నాకొద్దు."

అందుకే కాబోలు, షార్ట్‌వేవ్ రేడియోలో విదేశీ స్టేషన్లు పట్టినప్పుడు ఆయన రేడియోకి తీగ కలిపి నేరుగా రికార్డు చేసేవారు కాదు. రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి మీట నొక్కేవారు. గరగరలతోపాటు దుకాణమంతా ఆ క్యాసెట్లలోకి ఎక్కేది. టవల్ బేరమాడే గిరాకీ, బయట రిక్షా గంట, బట్ట చింపిన చప్పుడు. ట్రంపెట్ పైకి లేచే ముందు ఆయనే భార్యను పిలిచేవారు. "ఏమే సుశీలా, ఇటు రా, ఇగ మంచిగొస్తది, విను." ఒక ట్రంకు పెట్టె నిండా ఆ క్యాసెట్లే. వరంగల్లులో ఒక మనిషి జాజ్ ఎలా విన్నాడో చెప్పే సాక్ష్యం లోకంలో ఇంకెక్కడా లేదు.

పోయినేడు వానలకు క్యాసెట్లకు బూజు పట్టింది. మా మండలిలో మురళీధర్ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాడు. కంప్యూటర్లోకి ఎక్కిస్తానని ట్రంకు తీసుకుపోయాడు. రెండు నెలలు నిద్ర మానుకుని చేశాడట. మాటల్ని, చప్పుళ్లని వాద్యం నుంచి వేరుచేసే కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి, అన్నిటినీ కడిగేసి, పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాడు. అప్పటికే మంచం పట్టిన సేటు కళ్లు మూసుకుని విన్నారు.

"మంచిగ జేసినవ్ మురళీ. గని మా దుకాణమేది ఇండ్ల?"

"ఆ కచరా అంత కంప్యూటర్లకెళ్లి గూడ తీసేసిన అన్నా. క్యాసెట్లు గూడ ఖరాబైనయ్ గద, పారేసిన."

నేను లేచి మురళీధర్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. జాజ్ అభిమానులమని చెప్పుకునే మనం తప్ప ఇంత శుభ్రమైన దుర్మార్గం ఇంకెవరు చేస్తారని అరిచాను. సేటు నన్నే మందలించారు. "ఊకో తమ్మీ. పాపం, పానం పెట్టి జేసిండు." ఆ తర్వాత ఆ పెన్‌డ్రైవ్ ఆయన మళ్లీ అడగలేదు. ఆ ఔదార్యం ఆయనది, నాది కాదు. మురళీధర్‌ది ప్రేమే అని నాకూ తెలుసు. తెలిసినా క్షమించలేను. అటువంటి శ్రోత ఈ ఊరికి మళ్లీ దొరకడు. ఆయన విన్న తీరు కూడా ఆయనతోపాటే పోయింది. ఆ మహనీయుడికి సాష్టాంగపడడం తప్ప నేనేమివ్వగలను?

పెద్దకర్మ తర్వాతి ఆదివారం ఆయన స్మృతిలో దుకాణంలోనే చేరాం. సుశీల వదిన మొదటిసారి మాతోపాటు పరుపు మీద కూర్చుంది. మురళీధర్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఒక్క గరగర లేదు. ట్రంపెట్ అద్దంలా మోగింది. వదిన చివరిదాకా విన్నది.

"మురళీ, మీ అన్న యాడ మాట్లాడ్తడు ఇండ్ల?"

అతను తల దించుకున్నాడు. "ఇండ్ల లేదు వదినా."

"నాకీ బాజాలు ఎన్నడు సమజ్ కాలె నాయనా. నడుమ నన్ను పిలుస్తుండె గద, గది విందామని వచ్చిన. ఇంకోదాంట్ల ఉంటదేమో, జర చూడు."

మురళీధర్ ఇంకొకటి పెట్టాడు. అది అయ్యాక మరొకటి. దేనిలోనూ ఉండదని అతనికి తెలుసు, మాకందరికీ తెలుసు. వదిన కొంగు చెవి వెనక్కి నెట్టుకుని, ముందుకు వంగి వింటూనే ఉంది.