సరుగుడు చెక్కలకు కళ్ళాపి

రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందు, ఎండలు మొదలైన రోజుల్లో, నన్ను విశాఖ దగ్గర దువ్వాడ అవతల ఒక కర్మాగారంలోని పైలట్ ప్లాంటుకి ల్యాబ్ డిప్యూటీ మేనేజరుగా వేశారు. సరుగుడు చెక్క ముక్కల నుంచి నూనె తీసి, బాయిలర్లో ఫర్నేస్ ఆయిల్ బదులు మండించాలన్నది పథకం. రేవుకొచ్చే చమురు ఓడలు ఇక వెనక్కి తిరిగిపోవలసిందేనన్న ధీమాతో బ్రోచర్ అచ్చు వేయించారు. ప్లాంటు మాత్రం రెండు లారీలు పక్కపక్కన నిలబెట్టినంత ఉండేది.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఎండిన ముక్కల్ని రియాక్టర్ అనే మూసిన డ్రమ్ములో వేసి, గాలి తగలకుండా ఐదువందల డిగ్రీల దాకా వేడి చేస్తే ఆవిరి పుడుతుంది, దాన్ని చల్లారిస్తే నల్లటి నూనె. ముక్కల్లో తేమ నూటికి పది పాళ్ళు దాటకూడదు. దాటితే నూనెకి బదులు పొగ కంపు కొట్టే నీళ్ళే ఎక్కువ వస్తాయి. రియాక్టర్ని మొదట వేడెక్కించడానికి మాత్రం డీజిలే కావాలి. ఆ సంగతి బ్రోచర్లో లేదు.

ప్రారంభోత్సవానికి ఢిల్లీ నుంచి పెద్దాయన ఒకరు వస్తున్నారన్నారు. రియాక్టర్‌కి పసుపు రాసి బొట్లు పెట్టారు. నాకు అభ్యంతరం లేదు, కొత్త మోటారుసైకిలుకైనా ఆ మర్యాద చేస్తాం. ఆ ఉదయం మా జనరల్ మేనేజర్ గారు యార్డులో దుమ్ము చూసి, పెద్దాయన తెల్లచొక్కా గురించి బెంగపడ్డారు. ఫైరింజన్ని రప్పించి నేలంతా తడిపించారు. అక్కడితో ఆగినా బాగుండేది. చెక్కల గుట్ట మీద కూడా దుమ్ముందని దానికీ కళ్ళాపి చల్లించారు. మూడు వారాలు ఎండబెట్టిన సరుకది!

తేమ కొలిచాను. పరిమితికి మూడింతలుంది. ప్లాంటు నడపొద్దని చీటీ రాసి పంపాను. రిబ్బను కట్టేశాక చీటీలు ఎవరు చదువుతారు?

పెద్దాయన బటన్ నొక్కారు, చప్పట్లు కొట్టాం. కాసేపటికి సీసాలోకి గోధుమరంగు నీళ్ళు దిగాయి. వాటితో బాయిలర్ బర్నర్ ఎంతకీ అంటుకోలేదు. చివరికి ఎవరో తెలివిగా డీజిల్ పోసి వెలిగించారు. దిగుమతి చమురు మీద స్వదేశీ విజయానికి మళ్ళీ చప్పట్లు కొట్టాం.

పెద్దాయన మాత్రం ఆ సీసా వాసన చూసి వెళ్ళారు. మర్నాడే ఢిల్లీ నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. జనరల్ మేనేజర్ గారు నన్ను పిలిచి, "ఆపరేటర్ పొరపాటని రాసేయండి. ఎవరో ఒకరి పేరుండాలి కదండీ," అన్నారు.

ఆ ఆపరేటర్ సింహాచలం. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. ఆ నెలే పర్మనెంట్ జాబితాలో పేరెక్కింది. సంగతి చెవిన పడి ల్యాబ్‌కి వచ్చాడు.

"నీళ్ళు కొట్టొద్దని నాను మొత్తుకున్నాను సార్. ఎవులు ఇన్నారు? తడి సెక్క ఏస్తే నూనె ఎలగొస్తాది? ఇప్పుడు నా మీద రాసేస్తే ఇంటికాడ ఏటని సెప్పీది?"

నాకు ఒళ్ళు మండింది. ఆ ప్లాంటులో సరిగ్గా మండింది అదొక్కటే.

ఉన్నదున్నట్టు రిపోర్టు రాశాను. "పునఃపరిశీలించగలరు" అన్న ఒక్క ముక్కతో జనరల్ మేనేజర్ గారి దగ్గర్నుంచి తిరిగొచ్చింది. మళ్ళీ రాశాను. అదీ తిరిగొచ్చింది. మూడోసారి, "అకాల వర్షం వల్ల ముడిసరుకు తడిసింది" అని రాసి పంపాను. ఆ నెలలో విశాఖలో చినుకు రాలలేదు. అయినా పంపిన పూటే సంతకమైంది. "అసలు కారణం భలే పట్టుకున్నారండీ!" అని జనరల్ మేనేజర్ గారు అభినందించారు కూడా. ఢిల్లీ వాళ్ళు వేసిన విచారణ కమిటీ చెక్కల గుట్ట మీద రేకుల షెడ్డు వేయమని సిఫారసు చేసింది. సింహాచలం పర్మనెంట్ అయ్యాడు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. నిజం రాస్తే మనిషి బతుకుతాడనుకుంటే నిజమే రాయాలి. అది సాగనిచోట, నింద ఎవరి మీద పడితే నష్టం లేదో చూసి వాళ్ళ మీద వేయాలి. వానకి మెమో ఇవ్వలేరు, వానని ఉద్యోగంలోంచి తీసెయ్యలేరు.