ఎడమచేతి సర్వీసు

దయ్యాలంటే నాకు నవ్వు. టెన్నిస్ టోర్నమెంట్ల కోసం ఎవరూ తెలియని ఊళ్లలో, పాత లాడ్జీల్లో ఒక్కదాన్నే పడుకున్నాను. ఏనాడూ ఉలిక్కిపడలేదు. మా కడప జిల్లాలో పుట్టినవాళ్లకు భయమంటూ ఉంటే అది బతికున్న మనుషులతోనే. ఈ సంగతి జరిగాక కూడా దయ్యాలున్నాయని నేను అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మా నాన్న జమ్మలమడుగులో డ్రిల్లు మాస్టారు. ఎడమచేతివాటం. బడి వెనక నేల చదును చేసి, సున్నంతో గీతలు గీసి నాకు టెన్నిస్ నేర్పాడు. సర్వీసు చేసేముందు గడ్డాన్ని భుజానికి ఓసారి రాసుకోవడం ఆయన అలవాటు. నాది కుడిచేయి.

పార్టీల గొడవలు ముదిరిన రోజులవి. నాన్నకు ఎన్నికల డ్యూటీ పడింది. బ్యాలెట్ కాగితాలు ఇచ్చెయ్యమని వచ్చిన మనుషులకు ఇవ్వనన్నాడు. వారం తిరక్కుండా ఎర్రగుంట్ల దారిలో సైకిలు ఆపి, కాగితాలకు అడ్డుపెట్టిన ఆ ఎడమచేతినే నరికారు. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది. చేయించిందెవరో ఊరందరికీ తెలుసు. సాక్షులు జారుకున్నారు. కేసు కొట్టేశారు.

అమ్మ నన్ను ప్రొద్దుటూరు తీసుకొచ్చి, టీచరు ఉద్యోగం చేస్తూ నా ఆట ఆగనివ్వలేదు. నేను ప్రొఫెషనల్‌నయ్యాను గానీ పేపర్లో పేరు పడేంత కాదు. క్వాలిఫయింగ్‌లో కిందామీదా పడటం, మొదటి రౌండ్లో ఓడి రైలెక్కడం. ప్రాక్టీసులో మాత్రం నేను బంతిని కొట్టేదాన్ని కాదు. నాన్నను చంపించిన ఆ మనిషినే కొట్టేదాన్ని.

కొన్నేళ్లకు అతను పార్టీ మారి పెద్దమనిషయ్యాడు. పులివెందులలో కొత్త టెన్నిస్ కోర్టు ప్రారంభానికి అతనే ముఖ్య అతిథి. ఆట చూపించడానికి నన్ను పిలిచారు. అమ్మ వద్దంది. అతని ముఖం ఒక్కసారి దగ్గరగా చూడాలనిపించి, వెళ్లాను.

మిట్టమధ్యాహ్నం. శాలువా కప్పుతూ అతను నా చెవి దగ్గర అన్నాడు:

"మీ నాయన శానా మంచోడు పాపా. ఆ రోజులే అట్లాంటియి. మనసులో పెట్టుకోవాకు."

తర్వాత ఫోటోల కోసం అతనే రాకెట్ పట్టుకుని నెట్ అవతల నిలబడ్డాడు. "నిదానంగా కొట్టు పాపా, ముసలోన్ని!" అన్నాడు. జనం నవ్వారు.

బంతి పైకి ఎగరేయడం వరకే నాకు గుర్తుంది. ఆ తర్వాత అరుపు వినిపించింది. అతను ఎడమ మణికట్టు పట్టుకుని కూలబడి ఉన్నాడు. రాకెట్ నా ఎడమచేతిలో ఉంది.

టెన్నిస్ బంతి తగిలితే కమిలిపోతుంది, అంతే. అతని చెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు. కడపలో చూపించారు, వేలూరు తీసుకెళ్లారు. ఎముక విరగలేదు, నరం తెగలేదు, ఏమీ లేదన్నారట డాక్టర్లు. ఇప్పటికీ అన్నం ముద్ద తప్ప మరే పనీ ఒంటిచేత్తో చక్కబెట్టుకోలేడని అతని ఊరివాళ్లే చెబుతారు.

లోకల్ కేబుల్‌వాళ్లు తీసిన వీడియో నా దగ్గరుంది. అందులో నేను గడ్డాన్ని భుజానికి రాసుకుని, ఎడమచేత్తో సర్వీసు చేశాను. హైదరాబాద్‌లో మా కోచ్‌కు ముఖం సరిగా కనపడని ముక్క చూపిస్తే, "ఎవరీ లెఫ్ట్‌హ్యాండర్? నీకంటే బాగా చేస్తుంది," అన్నాడు.

అమ్మకు పూర్తిగా చూపించాను. ఆ మనిషిని క్షమించానని ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చేసే మనిషి మా అమ్మ. కళ్లార్పకుండా చూసింది. అతను కూలబడినచోట ఆమె ముఖం వెలిగింది.

"యింగోసారి పెట్టు," అంది.

తర్వాత ఎన్నోసార్లు, ఖాళీ కోర్టుల్లో, ఎడమచేత్తో ప్రయత్నించాను. బంతి నెట్ కూడా దాటలేదు. నేను చివరిగా ఆడిన టోర్నమెంటులో, ఒక్క పాయింటు గెలిస్తే అసలు పోటీకి, మెయిన్ డ్రాలోకి వెళ్తాననగా, రాకెట్‌ను ఆ చేతిలోకి మార్చుకుని "నాన్నా, రా" అన్నాను.

రాలేదు. రెండు సర్వీసులూ ఫాల్టయి ఆ పాయింటు పోయింది, తర్వాత మ్యాచ్ కూడా ఓడిపోయాను. పులివెందులలో వచ్చిందెవరో, నా గెలుపుకెందుకు రాలేదో నాకు ఈరోజుకీ తెలియదు.