చమేలీ నుదుటి మీది జడ

మా పక్కింటి చాచా పోయారు. ఈ మాట రాసి మళ్ళీ చదివితే వేరే ఎవరి గురించో రాసినట్టుంది. ఆ సాయంత్రం బేగంపేటలో పెళ్ళి బరాత్ ముగించుకుని, గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చి మా గేటు దగ్గర ఆగారు. "బిడ్డా, జెర చాయ్ పెట్టు, వస్తున్న" అన్నారు. నీళ్ళు మరగకముందే ఆయన కూతురు పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, అబ్బా మంచం మీద కూసున్నడు, పలుకుతలేడు!" నేను వెళ్ళేసరికి కాళ్ళకు చెప్పులు కూడా అలాగే ఉన్నాయి.

కార్ఖానా బస్తీలో మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. పద్నాలుగేళ్ళుగా ఆ గోడకు అవతల చాచా, ఆయన కూతురు, ఊరేగింపులకు తీసుకెళ్ళే తెల్ల గుర్రం చమేలీ. చాచాకు చదువు రాదు. చమేలీకి లాడాలు మార్పించే రోజులు మా వంటింటి క్యాలెండర్ మీద నేనే గుర్తు పెట్టేదాన్ని. వచ్చే వారానికి పెట్టిన గుర్తు ఇప్పటికీ ఉంది.

ఆయన్ని తలుచుకుంటే ముందు నా తప్పే గుర్తొస్తుంది. వాళ్ళు వచ్చిన కొత్తలో, ఒక ఎండాకాలం చాచా మౌలాలిలో అక్క ఇంటికి వెళుతూ రెండు రోజులు గుర్రానికి దాణా పెట్టమన్నారు. దాని ముంగురులు కళ్ళ మీద పడుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. మా పిల్లలకు కత్తిరించినట్టే కుట్టు కత్తెరతో నుదుటి మీద నీటుగా, సమంగా కత్తిరించాను. తిరిగొచ్చిన చాచా దాని నుదురు నిమిరి చూశారు.

"మనకు చేతులున్నయి బిడ్డా, ఈగను కొట్టుకుంటం. దీని కండ్లకు చెయ్యేది? గా ఎంటికలే."

అప్పటికే చమేలీ కళ్ళు నీరు కారుతున్నాయి. చాచా పాత దుపట్టా పీలికలు చేసి దాని నుదుటి మీద వేలాడేలా కట్టారు. జుట్టు పెరిగేదాకా ఎవరడిగినా, "మా పక్కింటామె బ్యూటీ పార్లర్ పెట్టింది" అని నవ్వేవారు. ఒక్కసారి కూడా కోప్పడలేదు.

పెళ్ళివాళ్ళకు గుర్రం నుదుటి మీద వెండి పట్టీ కనబడాలి. అందుకని చాచా ఆ జుట్టును సన్నగా జడ అల్లి పట్టీ కిందికి దోపేవారు. "కత్తిరిస్తే పనే ఒడుస్తది గదా, గీ సోకులేంది చాచా?" అని బ్యాండు మేస్త్రీ అంటే, "ముందుగాల నీ మీసాలు గొరుగు, బాజా ఊదుడు అల్కగైతది" అన్నారట. పెళ్ళికొడుకు కాలు కింద పెట్టగానే ముందు జడ విప్పాలి, తన దాహం తర్వాత. అది ఆయన పద్ధతి. ఒక్కరోజు తప్పలేదు.

ఆ సాయంత్రం మా గేటు దగ్గర ఆగినప్పుడు జడ అలాగే ఉంది. నేను చూశాను. డబ్బా మూత వంకరగా ఉంటే సరిచేసేదాకా ఊరుకోని దాన్ని, చూసి కూడా "జడ విప్పలేదేం చాచా, ఒంట్లో బాగలేదా?" అని అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో తెలియదు. చాయ్ గిన్నె కోసం లోపలికి వెళ్ళిపోయాను.

మూడో రోజు గోడ అవతలికి చూస్తే చమేలీ కళ్ళ చుట్టూ ఈగలు. కూతురు వెండి పట్టీ తీసిందిగానీ జడ ముట్టుకోలేదు. ఇప్పుడు కత్తెర పట్టుకుని నిలబడింది.

"విప్పితే అబ్బా అల్లింది పోతది ఆంటీ. గిట్లనే కత్తిరించి దాసుకుంట."

చమేలీ తల గోడకేసి రుద్దుకుంది. నేను చెయ్యి చాపాను. ఆ పిల్ల జడను ఒకసారి తడిమి కత్తెర నా చేతిలో పెట్టింది.

"దాని కండ్లకు చెయ్యేది బిడ్డా?" అన్నాను.

ఏడుస్తూనే ఒక్కో పాయా విప్పింది. ముంగురులు కళ్ళ మీద పడ్డాయి. చమేలీ తల విదిలించింది, ఈగలు లేచాయి. చాచా వేళ్ళు వేసిన మెలికలు మాత్రం ఆ జుట్టులో సాయంత్రం దాకా అలాగే నిలిచి ఉన్నాయి.