అడగకుండా వాడని ముఖాలు

కంప్యూటర్లే బొమ్మలు గీయడం మొదలయ్యాక మా పై వాటాలో ఉండే బొమ్మలమ్మాయికి పని దొరకలేదని మా జహనుమా బస్తీలో అందరూ అంటారు. తప్పు. అవకాశం వచ్చింది, ఆమే వద్దన్నది.

ఆమె పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేది. గల్లీలో ఎవరి ముఖం వాడుకోవాలన్నా ఇంటికొచ్చి అడిగేది.

"అక్కా, కోపంల ఉన్న పులికి నీ కండ్లు పెడ్త. సరేనా?"

"పులికెందుకే? మీ పబ్లిషర్‌కు పెట్టు, జర భయపడ్తడు" అన్నాను.

ఒకరోజు ఆ పబ్లిషర్, ఆమె పాత బొమ్మలన్నీ కంప్యూటర్‌కు నేర్పి ఇకమీదట దానితోనే గీయిస్తానన్నాడు. సంతకం పెడితే చాలు, పుస్తకానికింత ఇస్తానన్నాడు.

"సంతకం పెట్టెయ్యరాదే, గింత మొండితనమేంది?" అని లొల్లి చేశాను.

"గా ముఖాలు నావి కావక్కా. ఒక్క పుస్తకానికనే అడిగిన."

ఆ నెలాఖరుకే ఇల్లు ఖాళీ చేసింది. ఫోన్ కలవడం మానేసింది.

మొన్న దబీర్‌పురాలో మా అన్న మనవరాలి చేతిలో ఆ పబ్లిషర్ కొత్త పుస్తకం చూశాను. అందులో పాలమ్మే ఆమెకు నా ముఖం ఉంది. నన్నెవరూ అడగలేదు.

వాడు ఆమె పాత బొమ్మలు దొంగిలించి కంప్యూటర్‌కు నేర్పి ఉంటాడని మా ఆయన అంటాడు. అదే నిజమైతే బాగుండును. ఒకవేళ ఆమే సంతకం పెట్టి ఉంటే, నా మాటకు లొంగని ఆ పిల్లను లొంగదీసిన కష్టం ఎంతటిదో?